కందెనలోని బొగ్గు

కందెన లేని యిరుసు కూయునని పల్లెలలో పసివారును ఎరుగుదురు. ఆముదములో మసి నూరి కందెన చేయుటయు మనకు కొత్త కాదు. అయినను బొగ్గుజాతికిని రాపిడికిని గల సంబంధమును శాస్త్రము తేల్చుటకు బహుకాలము పట్టెను.

ఆ జాతిలో నునుపునకు పేరుగన్నది గ్రాఫైటు. పెన్సిలులోని నలుపు అదియే. అమెరికా దేశస్థుడగు ఎడ్వర్డు గుడ్రిచ్ ఆచిసన్ కార్బొరండమును మితిమీరి కాల్చగా, అందలి సిలికాను ఆవిరియై పోయి గ్రాఫైటు మిగిలెను. 1896లో ఆ విధానమునకు అతడు పేటెంటు పొందెను. ఇనుమును సానబట్టి అరగదీయు వస్తువు కడుపున అరుగుదలను మాన్పు వస్తువు పుట్టుట చిత్రమే కదా!

కాని చిక్కొకటి వచ్చెను. ఎంత మెత్తగా నూరినను ఆ పొడి నూనెలో అడుగంటుచుండెను. దీనికి ఉపాయము మట్టినుండి దొరకెను. ఈజిప్టులో ఇటుకలకు గడ్డి కలిపిరని బైబిలులో నున్నది. పోచలే మట్టికి బలమిచ్చుననుట ఆచిసనుకు తృప్తి నీయలేదు. గడ్డిని ఉడికించి ఆ నీటిని మట్టిలో కలిపి చూడగా, రేణువులు విడివడి ముద్ద మెత్తగా సాగెను. ఆరిన పిమ్మట మరింత గట్టిపడెను. వగరు పదార్థమగు టానిను సైతము అట్లే పనిచేసెను. మన కరక్కాయలో, తంగేడుచెక్కలో నుండి తోలును పదును చేయునది అదియే. 1906లో దానిని గ్రాఫైటునకు ప్రయోగింపగా పొడి నీటిలో అడుగంటక నిలిచెను. పిదప నూనెలోను నిలిచెను. ప్రాచీన గాథను పూజించి ఊరకుండక పరీక్షించినవానికి దక్కిన ఫలమిది.

గ్రాఫైటు ఏల జారును? దాని పరమాణువులు పొరలుపొరలుగా నుండును గనుక, తాటాకుల కట్టవలె ఒకదానిపై నొకటి జారునని విలియం బ్రాగు వంటి పండితులు చెప్పిరి. లోకము నమ్మెను. అంతలో రెండవ ప్రపంచయుద్ధమున, మిక్కిలి ఎత్తున ఎగిరిన విమానములలో విద్యుద్యంత్రముల బొగ్గు బ్రష్షులు స్వల్పకాలములోనే పొడియై రాలిపోయెను. నడియాకాశమున ఆ యంత్రము నిలిచిన వైమానికుని గతి యేమి? రాబర్టు సావేజ్ 1948లో ప్రకటించిన పరిశోధనలవలన కారణము తేటపడెను. గాలిలోని నీటియావిరి వంటి తోడు లేనిదే గ్రాఫైటు జారదు. పొరల అంచులలో తెగియున్న బంధములను ఆవిరి కప్పుచుండును. అది లేనిచో ఆ యంచులు ఎదుటి లోహమును పట్టుకొని పీకును. బ్రష్షులలో కొన్ని లవణములు చేర్చి ఆపద తప్పించిరి. శుద్ధముగా నుండుటయే బొగ్గునకు గుణము కాదన్నమాట.

నేటి పరిశోధకులు ఇంకను లోనికి చొచ్చిరి. బొగ్గు పొరలలోని కొన్ని పరమాణువుల స్థానమున నత్రజని, బోరాను, గంధకము వంటివానిని నిలుపుచున్నారు. అట్టి రేణువులు ఇనుమును గట్టిగా అంటుకొని పలుచని కవచముగా ఏర్పడునని ప్రయోగములు చూపుచున్నవి. మోటారు నూనెలలో చిరకాలముగా వాడుచున్న తుత్తునాగ సమ్మేళనము మిగిల్చెడి శేషములు పొగను శుద్ధిచేయు పరికరమును చెరచును గనుక ఈ ప్రయత్నము అవసరమైనది. ప్రయోగశాలలో కొన్ని గంటలు నిలిచినది వేలకొలది మైళ్లు నడచు బండిలో నిలుచునా యనునది వేరు ప్రశ్న. ఆచిసను నెదిరించిన అడుగంటు చిక్కు సైతము నేటికిని పూర్తిగా తీరలేదు.