గ్రీకు లోహశిల్పమున సిథియను యోధులు

నల్లసముద్రమునకు ఉత్తరముననున్న పచ్చికబయళ్ళలో క్రీ. పూ. 7వ శతాబ్దము మొదలు సంచరించిన సిథియనులకు లిపి లేదు. తమ కథను తాము వ్రాసికొనలేదు. వారిని గూర్చి విపులముగ వ్రాసినవాడు క్రీ. పూ. 5వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్. శత్రువుల తలచర్మము నొలిచి కళ్ళెమునకు కట్టుకొనుట, కపాలములను పానపాత్రలుగ వాడుట వంటి ఆచారములను ఆతడు వర్ణించెను. లోకమునకు ఆ మాటలే జ్ఞాపకమున్నవి.

పారశీకులు సిథియనులనందఱను శకులని పిలిచెడివారనియు ఆతడు చెప్పెను. ఈ పేరు తెలుగువారు ఎఱుగనిది కాదు. నాసిక్ గుహాశాసనమున గౌతమీ బాలశ్రీ తన కుమారుడగు శాతవాహనరాజు గౌతమీపుత్ర శాతకర్ణిని శక యవన పహ్లవులను నిర్మూలించినవాడని కీర్తించినది. అయితే భారతదేశమునకు వచ్చిన శకులు మధ్య ఆసియావారు. నల్లసముద్రపు సిథియనులకు జ్ఞాతులేగాని వారే కారు.

గ్రీకు స్వర్ణకారుని చేతిపని మఱియొక సాక్ష్యము. 1830లో క్రిమియాలోని కెర్చి సమీపమున కుల్-ఓబ అను సమాధిదిబ్బలో సుమారు 13 సెంటీమీటర్ల యెత్తుగల పాత్ర యొకటి దొరకినది. బంగారము వెండి కలిసిన లోహముతో క్రీ. పూ. 4వ శతాబ్దమున చేయబడిన యీ పాత్ర హెర్మిటేజ్ మ్యూజియమునకు చేరినది. దానిచుట్టును పొడవైన జుట్టు, గడ్డము, షరాయిలు గల యోధులున్నారు. ఒకడు విల్లువంచి నారి తగిలించుచున్నాడు. ఈటె చేతబట్టిన యొకడు రాజువంటి వానితో మాటలాడుచున్నాడు. ఒకడు చెలికాని నోట వ్రేళ్ళుపెట్టి పంటిని పరీక్షించుచుండగా, నొప్పి నోర్వలేక వాడు వైద్యుని చేయి పట్టుకొనినాడు! ఇంకొకడు మిత్రుని కాలికి కట్టు కట్టుచున్నాడు. ఇందు యుద్ధమే లేదు.

విల్లు వంచగలిగిన కుమారునికే రాజ్యమను కథ హెరొడోటస్ గ్రంథమున కలదు. ముగ్గురన్నదమ్ములలో కడపటివాడే వంచగలిగెను. వంచలేని అన్నల దవడకు, కాలికి విల్లు ఎదురుతన్ని తగిలిన గాయములే యివియని సోవియట్ పండితుడు రయేవ్‌స్కీ ఊహించెను. ఆ కథ నల్లసముద్రతీరపు గ్రీకులు చెప్పినదని హెరొడోటసే వ్రాసినాడు గనుక ఈ యూహ తిరుగులేనిది కాదు. అయినను పాత్రను తన సమాధిలో నుంచుకొనినది సిథియను ప్రభువు. తనవారి కథగ దాని నాతడు గుర్తింపకపోయిన, చావులోను వెంట గొనిపోవునా?

సొలోఖా దిబ్బలో 1913లో దొరకిన బంగారు దువ్వెనపై పోరాటమే కలదు. 1971లో ఉక్రెయినులోని తోల్‌స్తాయ మొగీలాలో మొజొలెవ్‌స్కీ త్రవ్వి తీసిన బంగారు కంఠాభరణమున మఱల శాంతి. కిలోకు మించిన యా నగపై మధ్యభాగమున ఇద్దఱు సిథియనులు అమ్ములపొదులు విడిచి, ఎదురెదురుగ మోకరించి, ఒక గొఱ్ఱెతోలు చొక్కాను కుట్టుకొనుచున్నారు.