హాల్డేన్ పరిణామ చింతన: మేనరికం నుంచి ఉద్దానం వరకు

ప్రకృతి వరణాన్ని గణిత సూత్రాలలోకి తెచ్చి, ఫిషర్, రైట్‌ల సరసన జనాభా జన్యుశాస్త్రానికి పునాది వేసిన పరిణామ శాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ (1892–1964). మలేరియా పీడిత ప్రాంతాలలో థలసీమియా జన్యువు ఒక్కటే సంక్రమించినవారికి అది రక్షణగా నిలుస్తుందని 1949లో ఆయన ఊహించారు. వ్యాధి కూడా వరణశక్తేనన్న భావన దానితో బలపడింది.

1957లో హాల్డేన్ కలకత్తాలోని భారత గణాంక సంస్థలో చేరారు. అక్కడ ఆయన శిష్యుడైన పిఠాపురం వాసి కృష్ణ ద్రోణంరాజు, మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్‌లోని రక్తసంబంధ వివాహాలపై 1963లో పరిశోధన ప్రకటించారు. తెలుగువారికి మేనరికం బంధుత్వ మర్యాద. జన్యుశాస్త్రానికి కొలవదగిన పరిమాణం. మేనమామ, మేనకోడలు దంపతులైతే సంతానపు అంతఃప్రజనన గుణకం 1/8. మేనబావ, మరదలు అయితే 1/16. ఆచారాన్ని ముందుగా నిందించక, దాని ఫలితాన్ని లెక్కించడం ఈ పరిశోధన మార్గం.

1962లో భువనేశ్వర్ చేరిన హాల్డేన్ 1964 డిసెంబర్ 1న అక్కడే మరణించారు. ఆయన కోరిక మేరకు దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు.

ఈ రెండు పట్టణాల నడుమనే పలాస, టెక్కలి, ఉద్దానం తీరం ఉన్నాయి. ఉద్దానంలోని దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధికి నీరు, వేడి, పురుగుమందులు, వారసత్వం వంటి పలు కారణాలు చర్చలో ఉన్నా ఏదీ నిర్ధారణ కాలేదు. ఒకే ఇంట పలువురు జబ్బుపడితే దానిని వంశదోషమనడం సులభం. కాని ఒక ఇంటివారు జన్యువులనే కాదు, బావినీటినీ, జీడితోట పనినీ పంచుకుంటారు. ఆ రెండింటినీ విడదీసి కొలిచిన తరువాతే కారణం చెప్పాలన్నది హాల్డేన్ పద్ధతి ఈ ప్రాంతానికి ఇచ్చే పాఠం.