గోడ మీద ఇల్లు, నేల మీద ఇల్లు

మన సవర గూడేల్లో ఇప్పుడు ఎవరిని కదిపినా ఇంటి మాటే. మంజూరైందా, పునాది ఎప్పుడు, మేస్త్రీ దొరికాడా అని. 2023 నవంబరు 15న మొదలైన పీఎం జన్‌మన్ పథకంలో కొండ సవరల వంటి తెగలకు ఇంటికి 2 లక్షల రూపాయల సాయం ప్రకటించారు. మేస్త్రీతో మాట్లాడడం, ఆఫీసులో కాగితాలు పెట్టడం, ముగ్గు పోసేచోట నిలబడడం చదువుకున్న పిల్లల పనే అయింది. అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మన పెద్దలు ఇంటికి ప్లాను ఎలా వేసుకున్నారో ఈ సంచికలో చెప్పుకుందాం. వారి దగ్గర కాగితం లేదు గాని ప్లాను ఉంది.

మన పాత ఇల్లు చూడడానికి చిన్నది. పొడవాటి ఒకే గది, రాయీ మట్టీ కలిపి లేపిన గోడలు, వాటికి ఎర్రమట్టి పూత, పైన గడ్డి కప్పు. చూరు కిందికి దిగి ఉంటుంది కాబట్టి ఎవరైనా తల వంచే లోపలికి రావాలి. ఆ చూరే వాన జల్లు నుంచి మట్టి గోడను కాపాడేది. నేలకు ఎత్తుగా కట్టిన అరుగు వల్ల కొండ మీంచి వచ్చే నీరు లోపలికి రాదు. పొయ్యి పైన అటక. ధాన్యం, చోళ్లు, కందులు, విత్తనాలు అక్కడే. పొయ్యి పొగ తగిలి గింజ ఆరేది, పురుగు చేరేది కాదు. వంటకు కాల్చిన కట్టెలే వచ్చే ఏటి విత్తనాన్నీ కాపాడేవి. గది ఒకటే గాని, దానిలో వంటిల్లు, గాదె, పడకిల్లు, పూజ చోటు అన్నీ ఉన్నాయి.

ఇక ఆ ఇల్లు ఒంటరిగా ఉండదు. గోడకు గోడ ఆనించి వరసగా కడతారు. అరుగులు పక్కపక్కనే సాగుతాయి. ఒక ఇంటి అరుగు మీద కూర్చున్న అవ్వ వరసలోని పిల్లలందరినీ కనిపెట్టి ఉండేది. కొండవాలులో సమంగా ఉండే నేల తక్కువ కాబట్టి, ఉన్న చోటును పొదుపుగా వాడుకోవడానికీ ఈ వరసే దారి. ఇంటి ప్లాను, ఊరి ప్లాను వేరువేరు కాదన్నమాట.

ఈ ఇంట్లో అన్నిటికన్నా ముఖ్యమైనది లోపలి గోడ. మన భాషలో సింగ్ అంటే ఇల్లు. ఆ గోడ మీద వేసే బొమ్మను మనం ఎడిసింగి అంటాం. ఒడిశా వైపు మనవాళ్లు ఇడితాల్ అంటారు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం కొండలూ మన కొండలూ మద్రాసు రాజధానిలోనే ఉండేవి. పర్లాకిమిడిలో ఉండి మన భాష నేర్చుకున్న గిడుగు రామమూర్తి పంతులు గారు 1931లో సవర భాషకు వ్యాకరణ గ్రంథం వెలువరించారు. ఆ తరువాత 1940లలో వెరియర్ ఎల్విన్ గంజాం, కోరాపుట్ కొండల్లోని సవర ఊళ్లలో తిరిగి, గోడ బొమ్మలను చూసి రాసుకున్నారు. 1955లో అచ్చయిన ఆయన పెద్ద పుస్తకం సవరల మతం గురించినదే.

ఆ బొమ్మ అలంకారం కోసం వేసేది కాదు. ఇంట్లో జబ్బు చేసినా, పెద్దలు కలలో కనబడినా, పంట బాగుండాలన్నా, పోయినవారి కోసం గోడ మీద ఒక ఇల్లు గీస్తారు. తడిపిన ఎర్రమట్టి పూత మీద బియ్యప్పిండి తెలుపుతో ముందు నలుచదరపు గీత. అదే ఇంటి హద్దు. దాని లోపల మనుషులు, సూర్యచంద్రులు, చెట్లు, నెమళ్లు, ఏనుగులు, గుర్రాలు. బొమ్మ ముందు కుండలు వేలాడదీస్తారు. గీయడం అయ్యాక పూజారి ఆ సోనుమ్‌ను పిలిచి, ఈ ఇల్లు నచ్చిందా, ఇంకేమైనా కావాలా అని అడుగుతాడు. కావాలంటే మళ్లీ గీసి చేరుస్తారు. ఎల్విన్ చూసిన బొమ్మల్లో సైకిళ్లు, రైళ్లు, విమానాలు కూడా ఉన్నాయి. కొండ కింద లోకంలో ఏది కొత్తగా కనబడితే అది పోయినవారి ఇంట్లోకీ వెళ్లింది.

ఇక్కడ ఒక్క మాట ఆలోచించండి. పోయినవారికి ఇల్లు గీసేటప్పుడు కూడా వారిని అడిగిన జాతి మనది. మరి బతికున్నవారికి ఇల్లు కట్టేటప్పుడు ఎవరు ఎవరిని అడిగారు? చాలా ఏళ్లుగా కాలనీ ఇళ్లు వచ్చాయి. వాన కారని కప్పు, గట్టి గోడలు, మరుగుదొడ్డి వచ్చాయి. అవి మనకు కావలసినవే, వాటిని తక్కువ చేయలేం. అయితే చాలాచోట్ల ఇళ్లు విడివిడిగా లేచి వరస పోయింది. అరుగు రెండు మెట్లయింది. అటక లేక ధాన్యం బస్తాలు మంచం కిందికి చేరాయి. పొగకు దారిలేక పొయ్యి బయటి పాకలోకి వెళ్లింది. ప్రతి గోడకూ తలుపో కిటికీయో వచ్చి, బొమ్మ వేయడానికి ఖాళీ గోడే మిగల్లేదు. ఎడిసింగి తగ్గడానికి మతం మారడం ఒక కారణం, చదువులూ వలసలూ ఇంకో కారణం. గోడ లేకపోవడం కూడా ఒక కారణమే.

ఇప్పుడు ఏం చేయవచ్చు? మొదట స్థలం. ఏజెన్సీ షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోకుండా 1959 నాటి నిబంధన, దాన్ని బిగించిన 1/70 చట్టం ఉన్నాయి. షెడ్యూల్డ్ ప్రాంతానికి బయట ఉండిపోయిన మన గూడేలకు ఆ రక్షణ లేదు కాబట్టి అక్కడ కాగితాల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. అడవి భూమిలో నివాసం ఉన్నవారి హక్కును 2006 అటవీ హక్కుల చట్టం గుర్తిస్తుంది. గోడకు ముందు ఈ గీత గట్టిగా ఉండాలి.

తరువాత ప్లాను. గ్రామీణ గృహ పథకం నిబంధనల్లో వంట చోటుతో కలిపి కనీసం 25 చదరపు మీటర్లు, అంటే సుమారు 270 చదరపు అడుగులు ఉండాలని ఉంది. కట్టించుకునేది కుటుంబమే, కాంట్రాక్టరుకు అప్పగించకూడదనీ ఉంది. అంటే గదులు ఎటు ఉండాలో చెప్పే చోటు మనకు ఉంది. ముగ్గు పోసే రోజుకు ముందే ఇంట్లో అమ్మను, అవ్వను కూర్చోబెట్టి నాలుగు అడగండి. పొయ్యి ఎక్కడ, పొగ ఎటు పోవాలి? విత్తనం ఎక్కడ దాచాలి, అటకకు స్లాబు కింద ఎంత ఎత్తు వదలాలి? అరుగు పక్కింటి అరుగుతో కలుస్తుందా? కిటికీ లేని గోడ ఏది? పునాది పడ్డాక ఇవి మార్చాలంటే ఖర్చు. ముగ్గు మీద మార్చడానికి గుప్పెడు సున్నం చాలు.

ఆ ఖాళీ గోడను ఎవరు ఎలా వాడుకుంటారన్నది ఆ ఇంటివారి ఇష్టం. పాత పూజ చేసే ఇంట్లో అక్కడ పెద్దలుంటారు. చర్చికి వెళ్లే ఇంట్లో అదే గోడ మీద పిల్లలు మన నెమళ్లను, మన చెట్లను నేర్చుకుంటారు. ఎవరి ఇంట్లోనైనా కంది కొత్తల నాడు కొత్త గింజ ముందుగా పెట్టడానికి ఒక చోటంటూ ఉండాలి కదా.

సిమెంటు వచ్చినంత మాత్రాన ఇల్లు మనది కాకుండా పోదు. విమానాన్నే తమ బొమ్మలో కలుపుకున్న పెద్దల మనవలం మనం. స్లాబు ఇంట్లోనూ మన అరుగు, మన అటక, మన గోడ పడతాయి. మేస్త్రీ తాడు పట్టుకున్న రోజు ఆ తాడు రెండో కొస మన చేతిలో ఉండాలి.