పల్లవి తరువాతి భాగము: ‘ఓ హ్యాపీ డే’ గీత చరిత్రపై ఒక పరిశీలన

తెలుగు క్రైస్తవ కీర్తనలో పల్లవి ముందుగా వస్తుంది. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి కవులు పల్లవిలో ఎత్తుకొన్న భావాన్ని అనుపల్లవిలోను, చరణాలలోను విస్తరింపజేసి తిరిగి పల్లవికే చేర్చారు. ఆంగ్ల సువార్త గీతంలో సాధారణంగా చరణము మొదట, కోరస్ ఆ తరువాత. కోరస్ ముగిసిన వెంటనే మరల చరణానికి పోక మరొక చిన్న భాగము వచ్చినట్లయితే దానిని నేటి సంగీత పరిశీలకులు ‘పోస్ట్ కోరస్’ అంటారు. సినిమా పాటలవంటి జనప్రియ గీతాలలో ఇది చాలాసార్లు ఒకటి రెండు మాటల పునరుక్తి మాత్రమే. కోరస్ రేపిన ఉత్సాహాన్ని చల్లారనీయకుండా నిలుపుతుంది. అయితే ఒక గీతంలో ఇది ఉపదేశ భారాన్నే మోసింది.

నార్తాంప్టన్ సంఘ కాపరి ఫిలిప్ డాడ్రిడ్జ్ (1702–1751) రచించిన ‘ఓ హ్యాపీ డే’ ఆయన మరణానంతరం 1755లో అచ్చయినది. దానికి ఆధారము 2 దినవృత్తాంతములు 15:15. యూదావారు తాము చేసిన ప్రమాణమును గూర్చి సంతోషించిన సందర్భమది. కనుక మూల గీతంలోని సంతోషము నిబంధన సంతోషము; దేవునికి మాట ఇచ్చి, దాని ప్రకారము జీవించ పూనుకొన్నవాని సంతోషము. ఇందులో కోరస్ లేదు. సుమారు నూరేండ్ల తరువాత, 19వ శతాబ్దిలో, మరొకరి చేతి కోరస్ దీనికి జతపడినది. యేసు పాపములను కడిగిన దినమే ఆ కోరస్‌కు కేంద్రము. మెలకువగా ఉండి ప్రార్థించుట ఆయన నేర్పెనను మాట దాని నడుమ ఇమిడియున్నది.

1960ల చివర కాలిఫోర్నియాలో ఎడ్విన్ హాకిన్స్ (1943–2018) యువజన గాయక బృందము కొరకు ఈ గీతాన్ని మలచినప్పుడు డాడ్రిడ్జ్ చరణాలన్నిటిని విడిచిపెట్టారు. కోరస్సే పాట అయినది. నడుమ ఇమిడియున్న ఆ మాటను మాత్రం బయటికి తీసి, కోరస్ తరువాత వచ్చే ప్రత్యేక భాగముగా సాగదీసి, ‘పోరాడుట’ అను మాటను అదనంగా చేర్చారు. డొరతీ మోరిసన్ పలికిన మాటను బృందము అందుకొని తిరిగి పలుకుతుంది. 1969లో ఈ రికార్డు అమెరికా జనప్రియ గీతాల పట్టికలో 4వ స్థానానికి చేరినది. సంఘ గీతము లౌకిక రేడియోలో మ్రోగుటను సొంత సంఘస్థులలో కొందరు హర్షించలేదు.

ఆ అభ్యంతరము కంటె మనము గమనింపదగినది వేరొకటి ఉన్నది. డాడ్రిడ్జ్ చరణాలతోపాటు నిబంధనా, ప్రమాణమూ తొలగిపోగా, విశ్వాసి అనుదిన నడతను గూర్చిన మాట ఈ ఒక్క భాగములోనే మిగిలినది. కోరస్ కడుగబడుటను చెప్పును. తరువాతి భాగము కడుగబడినవాడు చేయవలసినదానిని చెప్పును. హాకిన్స్ చేర్చిన మాటతో అది మత్తయి 26:41ను దాటి ఎఫెసీ 6:10–18 వరకు వెళ్లుచున్నది. అక్కడ పోరాటము, మెలకువ, ప్రార్థన మూడును కలిసియున్నవి. ఆరాధనలో ఉత్సాహము కొరకు కోరస్‌ను మాత్రమే పదిసార్లు పాడించినచో, పాట పెరుగును గాని బోధ సగమగును.

దీనిని తెలుగు చేయువారికి ఒక చిక్కు ఎదురగును. కోరస్‌ను పల్లవిగా ఉంచినచో ఈ భాగమును ఎక్కడ ఉంచవలెను? కడపటి చరణముగా ఉంచినయెడల సమయము చాలనప్పుడు మొదట విడువబడునది అదే. అనుపల్లవిగా ఉంచుటయే మేలని నా అభిప్రాయము. అప్పుడు పల్లవి పాడినవారు దీనిని పాడకుండ చరణమునకు పోలేరు.