పాత చిత్రములు – ముదిమి చూపు

ఇటీవల ఒక సెలవునాటి సాయంకాలమున మా యింట పిల్లలు, మనుమలు అందరును కూడియుండగా ‘మిస్సమ్మ’ చిత్రమును మరల చూచితిమి. విజయావారు 1955లో వెలువరించిన ఆ చిత్రమును మేము మొదటిసారి చూచునాటికి మాకు పదేండ్లు నిండలేదు. అప్పుడు మా మనస్సున నిలిచినవి రేలంగి దేవయ్య వేషమును, అపరాధ పరిశోధకుడనని నమ్ముకొన్న నాగేశ్వరరావు హడావిడియు మాత్రమే. యౌవనమున మరల చూచినప్పుడు మా చూపంతయు రామారావు, సావిత్రుల పోట్లాటలపైననే యుండెను. ఈ మూడవ పర్యాయము వారెవ్వరును మాకు ముందుగా కనబడలేదు. మాకు కనబడినవారు జమీందారు దంపతులు. చిన్ననాడు తప్పిపోయిన పెద్దకూతురును మరువలేక, ఇంటికి వచ్చిన పంతులమ్మను ఎవరని యెరుగకయే కన్నబిడ్డవలె ఆదరించు ఆ తల్లిదండ్రులు! ఒక హాస్యచిత్రము నడుమ ఇంతటి దుఃఖము కూర్చుండియున్నదని ఇన్నేండ్లును మేము గమనింపనే లేదు.

చిత్రము ముగిసిన పిమ్మట ఒక లెక్క వేసితిమి. ఆ తండ్రి వేషమును ధరించిన ఎస్.వి. రంగారావుగారు 1918 జూలైలో జన్మించిరి. మిస్సమ్మ విడుదల యగునాటికి వారికి 36 ఏండ్లు మాత్రమే. కథానాయకుడైన రామారావుగారికంటె ఐదేండ్లు పెద్ద, అంతే. బాల్యమున మేము ముసలివానిగా తలచిన ఆ మనిషి నేడు మా కుమారుని వయస్సువాడు! రంగారావుగారు 1974లో, 56వ యేట పరమపదించిరి. తెరమీద ఎందరో వృద్ధులకు ప్రాణము పోసిన ఆ మహానటుడు తాను మాత్రము వార్ధక్యమును చూడలేదు. చిత్రము మారలేదు, నటుల వయస్సు అక్కడనే నిలిచిపోయినది, మేము మాత్రము వారిని దాటి ముందునకు వచ్చితిమి.

ఈ అనుభవము మా యొక్కరిదే కాదని తలంతుము. యౌవనము కథ నడుమ నిలిచినవారిని చూచును. వయస్సు వచ్చినకొలది చూపు ప్రక్కలకు మరలి, గుమ్మము చాటున నిలిచిన తల్లిని, మాట యిచ్చి తప్పిన అన్నను, ఏమియు చేయలేక ఊరకున్న తండ్రిని గుర్తించును. పరరాష్ట్రములలో తరతరములుగా కాపురముండి, ఏ కథలోనైనను ప్రక్కన నిలుచుటకు అలవాటుపడిన మనవంటివారికి ఈ చూపు ఇంకొక సంగతిని గూడ తెలియజేయుచున్నది. తెలుగు చలనచిత్ర చరిత్రయే తెలుగుగడ్డకు వెలుపల ఆరంభమైన చరిత్ర.

తొలి తెలుగు వాక్చిత్రమైన ‘భక్త ప్రహ్లాద’ను హెచ్.ఎమ్. రెడ్డిగారు సురభి నాటక సమాజపు నటులతో బొంబాయిలో తీసిరి. అది 1932లో వెలువడెను. సి. పుల్లయ్యగారి తొలి ‘లవకుశ’ 1934లో కలకత్తా కంపెనీవారి పక్షమున తయారయ్యెను. అదే సంవత్సరమున వేల్ పిక్చర్సువారు ‘సీతా కల్యాణం’ను మదరాసులోనే నిర్మించిన పిమ్మట, ఆ నగరము తెలుగు చిత్రములకు నెలవైనది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము అవతరించినప్పుడు మదరాసు తమిళుల పక్షమున నిలిచిపోయినను, కోడంబాకము, వడపళని ప్రాంతములలోని తెలుగు చిత్రశాలలు మాత్రము కదలలేదు. పిమ్మట చాలకాలమునకుగాని ఆ పరిశ్రమ హైదరాబాదునకు పూర్తిగా తరలిపోలేదు. కావున మనము నేడు మణిపూసలుగా ఎంచు చిత్రములు అనేకము తమిళదేశపు నేలమీద, తమిళ కార్మికుల చేతిసాయముతో రూపొందినవే. ‘మిస్సమ్మ’, ‘మాయాబజార్’ చిత్రములకు ఛాయాగ్రహణము నెరపిన మార్కస్ బార్‌ట్లీగారు ఆంగ్లో ఇండియను. ఆ రెండు కథలును తమిళమునను తీయబడినందున, మన యిరుగుపొరుగువారు గూడ అవే కథలను తమ భాషలో చూచి మనతోపాటు నవ్విరి.

ఒడిస్సాలోని తెలుగువారు గర్వింపదగిన విషయ మొకటి యిక్కడ చెప్పవలసియున్నది. 1938లో గూడవల్లి రామబ్రహ్మముగారు తీసిన ‘మాలపిల్ల’ కు సంభాషణలు వ్రాసిన తాపీ ధర్మారావుగారు బరంపురమున జన్మించినవారు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారి శిష్యులు. ఆ రెండు పట్టణములును నేడు ఒడిస్సాలోనే యున్నవి. అట్లే రామబ్రహ్మముగారి ‘రైతుబిడ్డ’ (1939) లో నటించిన రాఘవగారి పేరుకు ముందు నిలిచిన బళ్లారి, 1953నుండి కన్నడ రాష్ట్రమునకు చెందినది. సరిహద్దులు మారినను మనవారి పని మారలేదు.

ఈ దృష్టితో మరల చూచినప్పుడు మమ్ము మిక్కిలి కదలించినది ‘త్యాగయ్య’. 1946లో చిత్తూరు నాగయ్యగారు తామే నిర్మించి, దర్శకత్వము వహించి, ప్రధానపాత్ర ధరించిన చిత్ర మది. బాల్యమున మాకది రుచింపలేదు. యుద్ధములు లేవు, మాయలు లేవు. ఒక సాధువు పాడుచుండును, అందరును వినుచుందురు. మా తాతగారు కన్నీరు తుడుచుకొనుచుండగా మేము నిద్రపోయితిమి. ఇప్పుడు చూడగా, ఆ తెరమీద మన కుటుంబములే కనబడుచున్నవి. త్యాగరాజస్వామి 1767లో తిరువారూరున జన్మించి, 1847లో తిరువయ్యారున సిద్ధిపొందిరి. కాకర్లవారి వంశము తెలుగుదేశమునుండి కావేరీతీరమునకు చేరి తరములు గడచినను ఆయన యింటి భాష తెలుగే, ఆయన రామునితో మొరపెట్టుకొన్న భాషయు తెలుగే. ఆయన కీర్తనలను భద్రపరచిన శిష్యులలో వాలాజాపేట వేంకటరమణ భాగవతులు సౌరాష్ట్రులు; తక్కిన శిష్యులలో తమిళము మాతృభాషగా గలవారు అనేకులు. పరదేశమున తెలుగు నిలిచినది సంఖ్యాబలముచేత కాదు. ఒక యింట దానిని నిత్యము వాడుటచేతను, దానిని ప్రేమించిన పొరుగువారి చేతను నిలిచినది. మా తాతగారి కన్నీటికి కారణము ఇదియేనేమో యని ఇప్పుడు తోచుచున్నది. అడుగుటకు ఆయన లేరు.

‘మల్లీశ్వరి’ (1951) సంగతి వేరు. బి.ఎన్. రెడ్డిగారి దర్శకత్వము, దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి రచన, సాలూరి రాజేశ్వరరావుగారి సంగీతము ముప్పేటగా అల్లుకొన్న చిత్రమది. యౌవనమున మేము నాగరాజు పక్షమున నిలిచి, మల్లి తల్లిని ద్వేషించితిమి. రాణివాసపు పల్లకిని శపించితిమి. నేడు మరల చూడగా మూడు సంగతులు తెలిసినవి. మొదటిది, ఆ పల్లకి రాకకు మూలము నాగరాజు వేళాకోళముగా ఆడిన మాటయే. నోరు జారిన మాట ఒక బ్రదుకును ఎట్లు త్రిప్పివేయునో వయస్సు మళ్లినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. రెండవది, ఆ తల్లిలో ఆశతోపాటు భయముగూడ కలదు; చేతిలో కాసు లేని మేనల్లునికి పిల్లనిచ్చుటకు జంకిన తల్లులు మన బంధువర్గములో లేరా? మూడవది, కృష్ణదేవరాయలు దుర్మార్గుడు కాడు. దయతో చేసిన గౌరవమే ఒక పల్లెపిల్లకు చెరసాలయైనదని ఆయన యెరుగడు. పైవారి అనుగ్రహము క్రిందివారికి ఏమి పడునో వారికి తెలియదు. ఇది చిన్ననాడు తెలియు సత్యము కాదు.

ఇక ‘మాయాబజార్’. 1957లో కె.వి. రెడ్డిగారు రూపొందించిన ఈ చిత్రమునకు 2010లో రంగులద్ది మరల విడుదల చేసిరి. మా మనుమరాలు చూచినది ఆ రంగుల ప్రతియే. మా బాల్యమువలెనే ఆమె బాల్యమునకును వివాహభోజనము, గింబళి, పింగళి నాగేంద్రరావుగారు సృష్టించిన ‘అసమదీయులు, తసమదీయులు’ వంటి మాటలు కావలసినంత వినోదమును ఇచ్చినవి. ఐతే నడుమ ఒకచోట ఆ పిల్ల ఆగి, “సుభద్ర ఎందుకు ఏడ్చుచున్నది, తాతా?” యని తమిళమున అడిగినది.

దీనికి సమాధానము చెప్పుట సులభము కాలేదు. పాండవులు సంపన్నులై యున్నప్పుడు బలరాముడు తన కుమార్తెను చెల్లెలి కొడుకునకు ఇత్తునని మాట యిచ్చెను. జూదమున రాజ్యము పోయిన పిమ్మట, దిక్కులేక పుట్టింటికి వచ్చిన సుభద్రకు అన్నవదినెల ముఖములు మారినవి. ఆ మేనరికము మరుగునపడి, దుర్యోధనుని కుమారునకు సంబంధము కుదిరినది. ఘటోత్కచుని మాయలన్నియు ఈ అవమానమునుండి పుట్టినవే. ఇదంతయు చెప్పుటకు మాకు ముందుగా ‘పుట్టిల్లు’, ‘మేనరికము’ అను రెండు మాటలకు అర్థము చెప్పవలసివచ్చినది. మా యింట పుట్టిన పిల్లకు ఆ మాటలు తెలియవని ఆనాడే మాకు తెలిసినది.

ఈ ఘట్టము మనవారి గుండెను తాకుటకు వేరొక కారణము కలదు. మన పెద్దలు పెండ్లిసంబంధములకై తెలుగుదేశమునకు పోయినప్పుడు, “మీది అరవ తెలుగు” అని యొకరు, “మీ మాటలో కన్నడపు యాస యున్నది” అని మరియొకరు నవ్వుటను ఎరుగనివారు మనలో ఉండరు. పుట్టిల్లు అని తలచి పోయినచోట పరాయివారమగుట యెట్లుండునో, సుభద్ర నోరు విప్పకయే చెప్పుచున్నది. ఒక వింతను గూడ మనవి చేయుదుము. ఇందు అన్నయైన బలరాముని వేషము వేసిన గుమ్మడి వేంకటేశ్వరరావుగారు 1927లో జన్మించిరి. తమ్ముడైన కృష్ణుని వేషము వేసిన రామారావుగారు 1923లో జన్మించిరి. అనగా అన్న తమ్మునికంటె నాలుగేండ్లు చిన్నవాడు! ఐనను అన్నరికపు బరువును, భార్యమాటకు తలయొగ్గి మాట తప్పిన సంకోచమును ఆయన చూపిన తీరు చూచినవారికి ఆ సందేహమే రాదు.

పాతది యంతయు బంగారమని చెప్పుట మా యుద్దేశము కాదు. వయస్సు మెప్పును పెంచినట్లే కొన్నింట తగ్గించును గూడ. 1958 నాటి కన్నడ చిత్రము ‘మనె తుంబిద హెణ్ణు’ ఆధారముగా 1962లో వచ్చిన ‘గుండమ్మ కథ’ను చూచి, గుండమ్మ గర్వభంగమునకును, ఆమె కుమార్తె సరోజకు భర్త నేర్పిన ‘పాఠము’నకును మేము చప్పట్లు కొట్టితిమి. నేడు ఆ పాఠము మాకు అంతగా రుచింపలేదు. సవతికూతురు పట్ల గుండమ్మ చేసినది తప్పే. ఐనను మగదిక్కు లేక, ఆస్తిని కాచుకొనుచు, గట్టి నోటినే కోటగోడగా చేసికొన్న యొక విధవరాలు గూడ ఆ పాత్రలో కలదని సూర్యకాంతముగారి ముఖము చెప్పుచున్నది. మా మేనత్త అట్టిదే. ఆమె బ్రతికియున్నంతకాలము ఆమె నోటికి వెరచితిమేగాని, ఆమె ఒంటరితనమును తలచినవారము కాము.

ఈ చిత్రములు మనకు దక్కుటయే భాగ్యమని యెంచవలెను. ఆ కాలపు ఫిలుము త్వరగా మండు స్వభావము కలది. నిలువయుంచినను క్రమముగా పాడగును. 1964లో పూనా నగరమున జాతీయ చలనచిత్ర భాండాగారము ఏర్పడునాటికే ఎన్నియో చిత్రములు నశించెను. తొలి తెలుగు వాక్చిత్రమైన ‘భక్త ప్రహ్లాద’ నేడు చూచుటకు దొరకదు. దక్కినవానిలో చాల చిత్రములను నేడు ఇంటనే కూర్చుండి, చేతిలోని ఫోనునందే చూడవచ్చును. మా చిన్ననాడు ఊరికి టూరింగు టాకీసు వచ్చువరకు, అందు తెలుగు బొమ్మ పడువరకు నెలలకొలది కాచియుండెడివారము. దొరకుట సులభమైనది, కలసి చూచుట మాత్రము అరుదైనది.

ఇదియే మేము ముఖ్యముగా విన్నవింపదలచినది. మన పిల్లలు బడిలో తమిళమో, కన్నడమో, ఒడియాయో, మరాఠీయో చదువుచున్నారు. అది వారు పుట్టిపెరిగిన నేల భాష, దానిని చక్కగా నేర్వవలసినదే. ఇంటి తెలుగు మాత్రము వంటయింటి మాటలకు కుదించుకొని పోవుచున్నది. పాత చిత్రము ఒకటి ఆ కొరతను తీర్చజాలదు. దానిని పిల్లల కప్పగించి మనము లేచిపోయినచో, వారు గింబళినిచూచి నవ్వి ఊరకుందురు. ప్రక్కన కూర్చుండి, ఆపవలసినచోట ఆపి, “ఈమె ఎందుకు ఏడ్చుచున్నదో తెలియునా?” యని మనమే అడిగినచో, ఒక మాటయు, దాని వెనుక ఒక బంధుత్వమును, దాని వెనుక ఒక కుటుంబ చరిత్రయు బయటకు వచ్చును. ప్రక్కనున్నవారిని చూచు చూపు వయస్సు మనకిచ్చినది. దానిని పిల్లలకు అందించుటకు ఇంతకంటె సులువైన మార్గము మాకు తోచుట లేదు.

మా మనుమరాలు మరుసటి వారము తానై వచ్చి, ‘మిస్సమ్మ’లోని ఆ తల్లిదండ్రులకు కూతురు దొరకినదా యని మరల అడిగినది. దొరకినదని చెప్పితిమి. “మరల ఒకసారి చూచెదమా?” యన్నది, ఈసారి తెలుగుననే.