సభికధర్మము: ద్యూతశాల నడపువానిపై శాస్త్రశాసనము

మనుస్మృతి వ్యవహారపదములను 18గా గణించి, ఆ గణనను ద్యూతసమాహ్వయముతో ముగించినది. ప్రాణము లేని పాచికలతో ఆడునది ద్యూతము. కోళ్లు, పొట్టేళ్లు మున్నగు ప్రాణులపై పందెమొడ్డునది సమాహ్వయము. ద్యూతమన్నంతనే ధర్మజుడు, నలుడు స్ఫురింతురు. అనగా ఆడి నష్టపోయినవారు. ఆడించువాని మాట ఎవ్వరికిని తోచదు. శాస్త్రకారులు మాత్రము వానిని మరువలేదు. వానికి సభికుడని పేరు.

ఋగ్వేదము దశమమండలమందలి 34వ సూక్తము అక్షసూక్తము. కితవుడు గెలుపుపై ఆశతో సభకు పోవుటయు, అతని భార్య పరితపించుటయు, తల్లి దుఃఖించుటయు, తండ్రియు సోదరులును అతనిని తామెరుగమని త్రోసిపుచ్చుటయు అందు వర్ణింపబడినవి. అందు సభ కలదు గాని, దానిని నడపువానికి విధి యేదియు కానరాదు. ఋషి దృష్టి ఆ గృహముననే నిలిచినది.

విధులను సూక్ష్మముగా నిరూపించినవాడు కౌటిల్యుడు. అర్థశాస్త్రము తృతీయాధికరణము చివరి అధ్యాయము ననుసరించి ద్యూతము ఒకే స్థానమున, ద్యూతాధ్యక్షుని కనుసన్నలలో జరుగవలెను. అన్యత్ర ఆడినవానికి 12 పణముల దండము. గూఢముగా జీవించువారిని కనిపెట్టుటయే ఈ నియమమునకు ప్రయోజనము. పాచికలను, గవ్వలను శుద్ధమైనవిగా అధ్యక్షుడే సమకూర్చవలెను. వానిని మార్చినవానికి మరల 12 పణములు. హస్తలాఘవముతో వంచించినవానికి పూర్వసాహసదండము, గెలిచిన ధనము పోవుట, ఆపై చౌర్యదండము. గెలిచిన ద్రవ్యమున నూటికి 5 వంతులును, పాచికల అద్దెయు, నీటికిని స్థలమునకును రుసుమును అధ్యక్షుడు గ్రహించును. ఇంత గ్రహించినవానికి బాధ్యత లేకపోలేదు. పాచికలయందు, భూమియందు, హస్తమందు జరుగు దోషములను అతడు నివారింపనిచో దండము ద్విగుణమగును.

హస్తినాపురద్యూతమునందు లోపించినది సరిగా ఇదియే. పణమొడ్డువాడు దుర్యోధనుడు, పాచికలు వేయువాడు శకుని. ఒకనికై వేరొకడాడుట విషమమని ధర్మజుడు పలికెను గాని వినువారు లేరు. సభను నిర్మింపజేసిన ధృతరాష్ట్రుడో, గెలిచితిమా యని మాటిమాటికి ప్రశ్నించుచుండెను. దోషమును వారింపవలసినవాడే ఫలమున కాశపడిన సభ యది.

యాజ్ఞవల్క్యుడు సభికునకు స్పష్టమైన స్థానము నొసగెను. నూరు గాని అంతకు మించి గాని గెలిచినవానినుండి నూటికి 5, తక్కినవారినుండి నూటికి 10 సభికుని భాగము. దానినుండి అతడు రాజునకు ఒప్పుకొన్న అంశమును చెల్లింపవలెను, ఓడినవానినుండి సొమ్ము రాబట్టి గెలిచినవాని కీయవలెను, సత్యము పలుకవలెను, క్షమ కలిగియుండవలెను. రాజభాగము చెల్లి, సభికుని సమక్షమున, ప్రసిద్ధమైన మండలియందు ఆడిన ద్యూతమందే రాజు సొమ్ము ఇప్పించును, ఇతరత్ర ఇప్పింపడు. చాటుగా ఆడినవానికి న్యాయస్థానపు ద్వారము మూయబడినదన్నమాట. ఈ స్మృతిపై కల్యాణిలో విక్రమాదిత్యుని కాలమున విజ్ఞానేశ్వరుడు మితాక్షరను రచించెను; 13వ శతాబ్దమున మూలఘటిక కేతన దానిని విజ్ఞానేశ్వరీయమను పేర తెనిగించెను.

మనువుకు ఈ ఏర్పాటు సమ్మతము కాదు. ద్యూతము ప్రకాశచౌర్యము, ఆడినవానిని, ఆడించినవానిని సమానముగా దండింపవలెనని ఆతని శాసనము. పరిహాసమునకైనను ఆడరాదనెను. బృహస్పతి ఈ భేదమును దాచలేదు. మనువు నిషేధించెను, రాజభాగముతో ఇతరు లనుమతించిరి అని ఉభయమును చెప్పెను.

ఆధునికశాసనచరిత్రయు ఈ రెండు మార్గముల నడుమనే ఊగిసలాడినది. 1867 నాటి చట్టము జూదగృహమును నిషేధించుచు నైపుణ్యక్రీడలను మినహాయించెను. 1967లో సర్వోన్నతన్యాయస్థానము సికింద్రాబాదు క్లబ్బొకదాని వ్యాజ్యమున రమ్మీ ప్రధానముగా నైపుణ్యక్రీడ యని తీర్పు చెప్పెను. ఐనను నడపువాడు ఆటనుండి లాభము పొందినచో అపరాధము కావచ్చునని కూడ సూచించెను. ఆ రెండవ వాక్యమును పెక్కురు విస్మరించిరి! తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను తమ చట్టములను సవరించి ఆన్‌లైన్ పందెములను నిషేధించినవి.

కేంద్రము మొదట యాజ్ఞవల్క్యమార్గమునే పట్టెను. 2023 ఏప్రిల్ నియమములు నిర్వాహకుడు ఆటగాని గుర్తింపును నిర్ధారింపవలెననియు, సొమ్ము తిరిగి పొందు విధానమును తెలుపవలెననియు, ఆడుటకు అప్పు ఈయరాదనియు విధించినవి. అదే సంవత్సరము అక్టోబరు 1 నుండి ఒడ్డిన సొమ్ము మొత్తముపై నూటికి 28 వంతుల పన్ను. కౌటిల్యుని అధ్యక్షుడు గెలుపుపై 5 వంతులతో తృప్తి చెందినవాడు. భాగమింత పెరిగినను, రక్షణకై ఏర్పడవలసిన స్వయంనియంత్రణసంస్థలు ఏర్పడనే లేదు. భాగము గైకొన్న రాజు రక్షింపవలెనన్న స్మృతివాక్యార్థము ఇచట సగమే చెల్లినది.

2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదము పొందిన ఆన్‌లైన్ క్రీడల చట్టము మనుమార్గమునకు మరలినది. నైపుణ్యమనియు అదృష్టమనియు భేదము పాటింపక ధనక్రీడ యంతయు నిషిద్ధమయ్యెను. నడపువానికి 3 సంవత్సరముల వరకు కారాగారము, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటన చేసినవానికి 2 సంవత్సరములు, 50 లక్షలు. సొమ్ము చేరవేసినవానికి నడపువానితో సమానదండము. ఆడినవానికి మాత్రము శిక్ష లేదు. మనువు ఇరువురిని ఒకే త్రాసున తూచెను. ఈ చట్టము ఆడినవానిని బాధితునిగా నెంచెను. అక్షసూక్తమునందలి ఆ గృహము ఈ చట్టకర్తల దృష్టికి కొంత తగిలినట్లే తోచుచున్నది.