అమెరికా స్వాతంత్ర్య సమరము – గ్రంథాలయము

స్వాతంత్ర్య సమరము రణరంగముననే ఆరంభమగునని తలంచుట పొరపాటు. 1731లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ మిత్రులతో కలసి ఫిలడెల్ఫియా నగరమున చందాదారుల గ్రంథాలయమును స్థాపించెను. అట్టి గ్రంథాలయములు అమెరికాలోని ఆంగ్ల వలసరాజ్యములందు వ్యాపించెను. సామాన్య వర్తకులను, రైతులను అవి వివేకవంతులను గావించి, హక్కులకై నిలుచుటకు కొంత తోడ్పడియుండునని ఆయన ఆత్మకథలో వ్రాసెను.

తమ ప్రతినిధులు లేని పార్లమెంటు తమపై పన్నులు విధించుటను ఆ ప్రజలు సహింపరైరి. 1775 ఏప్రిల్ 19న లెక్సింగ్టన్, కాంకర్డు గ్రామములయొద్ద యుద్ధము మొదలయ్యెను. 1776 జూలై 4న స్వాతంత్ర్య ప్రకటన వెలువడెను. ఆ యేడు న్యూయార్కును కోల్పోయిన సేనాధిపతి జార్జి వాషింగ్టన్, డిసెంబరు 25 రాత్రి మంచుగడ్డలు తేలుచున్న డెలావేర్ నదిని దాటి, మరునాడు ట్రెంటన్ పట్టణమును జయించెను. 1777లో సారటోగాయొద్ద ఆంగ్ల సేనాని బర్గాయిన్ లొంగిపోయెను. ఈ విజయముతో ధైర్యము చెందిన ఫ్రాన్సు, ఫ్రాంక్లిన్ రాయబారము ఫలింపగా, 1778లో అమెరికా పక్షము వహించెను. 1781లో ఫ్రెంచి నౌకాదళము సముద్రమార్గమును మూసివేయుటచే, పిమ్మట మన దేశమునకు గవర్నరు జనరలుగా వచ్చిన కారన్‌వాలిస్ యార్కుటౌనున లొంగిపోయెను. 1783లో పారిస్ సంధి జరిగెను.

అయినను దక్షిణ రాష్ట్రములందు అక్షరములకు దూరముగా నుంచబడిన నల్లజాతి బానిసలకు 1865లో గాని సంపూర్ణ విముక్తి కలుగలేదు. గ్రంథాలయపు తలుపు ఎల్లరకును తెఱచియుండవలెననుటయే, ఈ రజతోత్సవ వేళ మనము జ్ఞప్తియందుంచుకొనదగిన పాఠము.